రామయ్య మెడల దండ ఏ ఊరి పూలది?

పూలు వేస్తే లాభం అని సర్కారు చెప్పబట్టి చాన్నాళ్లయింది. ఉద్యాన శాఖ కరపత్రాలల్ల, రైతు సదస్సులల్ల, టీవీల పొద్దుగాల వచ్చే ఎవుసం ముచ్చట్లల్ల ఈ మాట వింటనే ఉన్నం. కరపత్రం మీద బొమ్మ మాత్రం ఎప్పుడూ ఒక్కటే. తెల్లటి ప్లాస్టిక్ గుడారం, దాని కింద బారులు తీరిన జెర్బెరా పూలు, పక్కన బూట్లేసుకొని నవ్వుతున్న ఒక పెద్దమనిషి. ఆయన చర్ల మండలపు కోయ రైతు కాడు. ములకలపల్లి లంబాడా రైతు కాడు. ఆయనకు హైదరాబాదుల ఇల్లున్నది, చేవెళ్ల దిక్కు తోటున్నది. పూల లాభం ఆయనకు వచ్చిన మాట నిజమే. మరి భద్రాచలం అడవంచు రైతుకు ఎందుకు రాలేదు? ఆ రైతు వేయలేదు కాబట్టి రాలేదని అధికారులంటరు. ఆయన వేయకపోవుడే తెలివి అని మేమంటున్నం. కొనేటోడు లేని పంట వేసి తెల్లారేసరికి వాడిపోయే సరుకును నెత్తిన పెట్టుకొని తిరగడానికి అడవంచు రైతు పిచ్చోడు కాదు. కొనేటోణ్ని చూపించుడు సర్కారు పని. ఆ కొనేటోడు దూరంల లేడు. గోదారి ఒడ్డున, గుట్ట మీద, సీతమ్మను తొడ మీద కూసోబెట్టుకొని మనకెదురుగనే ఉన్నడు.

ముందుగాల ఆ గుడారాల సంగతి చెప్పుకుందాం. రాష్ట్రం వచ్చిన తొలి ఏడు, 2014-15 బడ్జెట్‌ల, పాలీహౌసులకు 250 కోట్లు పెట్టిండ్రు. హైదరాబాదు చుట్టుముట్టు వెయ్యి ఎకరాలన్నరు. 75 శాతం సబ్సిడీ అన్నరు. ఆ తర్వాత ఎస్సీ, ఎస్టీ రైతులకు 95 శాతం అని కూడా అన్నరు. వినడానికి సొంపుగనే ఉన్నది. కానీ లెక్క చూడుండ్రి. ఎకరం పాలీహౌసుకు ముప్పై, నలభై లక్షలు అయితది. సబ్సిడీ పోను ఐదు శాతమంటే లక్షన్నర, రెండు లక్షలు. ఆ పైసలు ముందు చేతిల చూపియ్యాలె, నికరమైన కరెంటుండాలె, బోరుండాలె, పట్టా పాసుబుక్కుండాలె, బ్యాంకు మేనేజరు నమ్మాలె. గాలివాన వచ్చి షీటు చినిగితే మళ్లీ వేయించుకునే తాకతుండాలె. అడవంచు రైతుకు ఇందుల ఎన్ని ఉన్నయ్? పథకం కాగితం మీద అందరిదీ, గుడారం మాత్రం కొందరిదే. పైగా జెర్బెరా పువ్వు ఎవరికి? కల్యాణ మంటపాల స్టేజీకి, హోటళ్ల టేబుళ్లకు. మన ఆడబిడ్డ కొప్పుల పెట్టదు, మన దేవుని మెడల వెయ్యరు, మన బతుకమ్మల పేర్చరు.

పూల సాగును పాలీహౌసుకు కట్టెయ్యడమే ఈ ఇరవై ఏండ్ల మోసం. బంతికి గుడారం అక్కర లేదు. చామంతికి అక్కర లేదు. మల్లె, కనకాంబరం, లిల్లీ, తులసి, ఇవేవీ ప్లాస్టిక్ అడగవు. ఎండల, వానల, మట్టిల పెరుగుతయ్.

ఇగ అడవంచు రైతు ఇప్పుడు ఏం పండిస్తున్నడో చూద్దాం. పత్తి, మిర్చి, జామాయిల్. నీళ్లున్న దగ్గర వరి. అశ్వారావుపేట, దమ్మపేట దిక్కు పామాయిల్ తోటలు. మిర్చి ఈ రైతుకు ఏం చేసిందో మర్చిపోయేటిది కాదు. 2017 ఏప్రిల్‌ల క్వింటాలు మూడు వేలు కూడా పలకక కడుపు మండిన రైతులు ఖమ్మం మిర్చి యార్డు మీద తిరగబడ్డరు. ఆ మే నెలల పది మంది రైతులను సంకెళ్లేసి కోర్టుకు తీసుకొచ్చిండ్రు. మనం కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంల, మన ఖమ్మంల, పంట పండించినోని చేతికి సంకెళ్లు. ఏ పార్టీ అధికారంల ఉన్నా ఆ బొమ్మ చెరిగిపోదు. ధర కొట్టినంక పురుగు కొట్టింది. 2021-22ల నల్ల తామర పురుగు వచ్చి ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల మిర్చి తోటలను పూత మీదనే నాకేసింది. ఎకరానికి లక్ష, లక్షన్నర పెట్టుబడి పెట్టిన కౌలు రైతు అప్పుల పడ్డడు.

జామాయిల్ ముచ్చట వేరు. నాటి నాలుగేండ్లు ఎదురుచూడాలె. ఆ నాలుగేండ్లు ఇల్లెట్ల గడుస్తదని అడిగితే జవాబు లేదు. అయినా రైతు ఎందుకు పెడుతున్నడు? సారపాకల పేపరు మిల్లున్నది కాబట్టి. మొక్క దొరుకుతది, కర్ర కొనేటోడు ఉన్నడు, తూకం వేసే కాంటా ఉన్నది. పామాయిల్ కూడా అంతే. అశ్వారావుపేటల ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీ పెట్టినంకనే తోటలు పెరిగినయ్. ఈ ప్రాంతపు ఎవుసం చరిత్ర చదివినోనికి ఒక్కటే తెలుస్తది. కొనుగోలు ఎటు పోతే పంట అటు పోయింది. మిల్లుకు కాంటా పెట్టినం, ఫ్యాక్టరీకి కాంటా పెట్టినం. పూవుకు కాంటా ఎందుకు పెట్టలేదు?

బంతి చిన్న రైతు పంట అని మేమంటే నవ్వేటోళ్లున్నరు. నవ్వనియ్యండి. అర ఎకరం లెక్క చెప్తం. సాళ్ల నడుమ రెండడుగులు, మొక్కల నడుమ అడుగున్నర పెడితే అర ఎకరానికి ఏడు వేల పైచిలుకు మొక్కలు పడతయ్. జూన్ ఆఖరుకు నారు పోస్తే నెల లోపల నాటొచ్చు. నాటిన నెలకు తలలు తుంచితే కొమ్మలు పక్కలకు పారుతయ్, పువ్వు ఎక్కువ పడ్తది. నాటిన రెండు నెలలకు కోత మొదలు. అంటే సరిగ్గ బతుకమ్మకు, దసరాకు అందుతది. ఆ తర్వాత దీపావళి, కార్తీక మాసం దాకా రెండు మూడు రోజులకోసారి కోస్తనే ఉండొచ్చు. అర ఎకరంల రెండు టన్నులు తీసిన రైతు బాగ తీసినట్టే. కిలోకు సగటున ఇరవై దొరికితే నలభై వేలు. పత్తి లెక్క ఏడాదికోసారి షావుకారు ముంగట చేతులు కట్టుకొని నిలబడే పైసలు కావు ఇవి. కోసిన పొద్దుకాడ చేతిల పడే పైసలు. పిల్లగాని ఫీజుకు, ముసలమ్మ గోలీలకు, కిరాణ బాకీకి ఎవని దగ్గరా చెయ్యి చాపకుండ.

ఆ ఇరవై రూపాయలే అసలు లొల్లి. పండుగ ముందటి రోజు వంద పలికిన బంతి పండుగ తెల్లారి పది కూడా పలకదు. కోసిన కూలి కూడా రాక రైతులు పూలను రోడ్డు మీద పోసిన బొమ్మలు మనం పేపర్లల్ల చూస్తనే ఉంటం. హైదరాబాదు చుట్టుపక్కల శంకర్‌పల్లి, షాబాద్, చేవెళ్ల రైతు పొద్దుగాల కోసి గుడిమల్కాపూర్ మార్కెట్‌ల దించుతడు. చిక్కబళ్లాపూర్ చామంతి రాత్రికి రాత్రి బండెక్కి అక్కడికే వస్తది. భద్రాచలం రైతు మూడు వందల కిలోమీటర్ల అవతల ఉన్నడు. కోసిన పువ్వు గంట గంటకూ బరువు తగ్గుతది, రేటు తగ్గుతది. మార్కెట్‌ల కమీషను ఏజెంటు చెప్పిందే ధర. ఈ లెక్క తెలిసే అడవంచు రైతు పూల జోలికి పోలేదు.

ఒక సంగతి నవ్వొస్తది, ఏడుపూ వస్తది. పత్తి చేను, మిర్చి తోట గట్ల మీద బంతి వేయమని అధికారులే ఏండ్ల నుంచి చెప్తున్నరు. ఎందుకు? పచ్చపురుగు బంతి మీదికి పోతది, అసలు పంట బతుకుతదని. ఎర పంట అంటరు దాన్ని. పూవును పురుగుకు ఎరగ చూసిండ్రు గానీ రైతుకు కూడుగ చూడలేదు.

కాబట్టి హైదరాబాదు మార్కెట్ మీద ఆశ పెట్టుకునే పూల సాగు ఈ గడ్డకు పనికిరాదు. దగ్గర కొనుగోలు కావాలె, ఏడాది పొడుగునా కావాలె, ముందే ధర కట్టిన కొనుగోలు కావాలె. అట్లాంటి కొనుగోలు ఈ జిల్లాల ఒక్క దగ్గర ఉన్నది.

గుట్ట మీది కొనుగోలుదారు

భద్రాద్రి రామయ్యకు నిత్య కల్యాణం జరుగుతది. రోజూ అర్చన, రోజూ దండలు, రోజూ తులసి. ముక్కోటికి గోదాట్ల హంస వాహనం మీద తెప్పోత్సవం. శ్రీరామనవమికి రాష్ట్రం మొత్తం కండ్లు ఇటే, సర్కారు పట్టు బట్టలు, ముత్యాల తలంబ్రాలు తెచ్చే దినం. అప్పుడు మల్లె కాలం కూడా. దుమ్ముగూడెం మండలంల పర్ణశాల ఉన్నది. ఇంత పెద్ద పుణ్యక్షేత్రం, ఏడాదంతా పూలు కావాలె. మరి ఆ పూలు ఏ ఊరి చెల్కల పూసినయ్? గుడి మెట్ల కింద దండలమ్మే అక్కల బుట్టల్లోని బంతి, చామంతి ఎక్కడి నుంచి వచ్చిందో ఈసారి దర్శనానికి పోయినప్పుడు అడిగి చూడుండ్రి. దేవస్థానం ఏడాదికి ఎన్ని కిలోల పూలు కొంటున్నది, ఎంతకు కొంటున్నది, ఎవరి దగ్గర కొంటున్నది, ఆ కాంట్రాక్టరు ఏ ఊరి రైతు దగ్గర కొంటున్నడు? ఈ నాలుగు లెక్కలు గుడి ముంగట బోర్డు మీద రాసి పెట్టాలె. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉన్నది. ఉద్యోగ మిత్రులు, విద్యార్థి మిత్రులు ఒక్క దరఖాస్తు పెడితే చాలు.

గుళ్లకు పూలు సప్లయి చేసే పని టెండరు మీద కాంట్రాక్టరు చేతికి పోవుడు మామూలు పద్ధతి. టెండరు ఫారాల డిపాజిట్టు, అనుభవ పత్రం, టర్నోవరు అడుగుతరు. పది మంది కోయ ఆడబిడ్డల సంఘానికి టర్నోవరు యాడికెల్లి వస్తది? తిరుమలల దేవస్థానానికి సొంత ఉద్యానవన విభాగమే ఉన్నది. రామానుజుల శిష్యుడు అనంతాళ్వారు స్వామి కోసం తోట పెట్టిన కథ అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటరు. వాడిన పూలతోని 2021 నుంచి అక్కడ అగరుబత్తీలు చేసి అమ్ముతున్నరు. మన రామయ్యకు ఆ భాగ్యం ఎందుకు లేదు?

రామయ్యకు భూమి లేక కాదు. పురుషోత్తపట్నంల దాదాపు తొమ్మిది వందల ఎకరాల మాన్యం ఉన్నది. కానీ ఇయ్యాల ఆ ఊరు మన రాష్ట్రంల లేదు. 2014ల రాష్ట్రం వచ్చిన సంబురం ఇంకా తీరకముందే పోలవరం పేరు చెప్పి ఆర్డినెన్సు తెచ్చిండ్రు. జూలైల పార్లమెంటుల బిల్లు పాస్ చేయించుకొని ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాల ఊర్లను ఆంధ్రల కలుపుకున్నరు. చింతూరు పోయింది, కూనవరం పోయింది, వరరామచంద్రాపురం పోయింది, కుక్కునూరు, వేలేరుపాడు పోయినయ్. బూర్గంపాడుల కొన్ని ఊర్లు పోయినయ్. భద్రాచలం మండలంల పట్నం ఒక్కటి మిగిలింది, చుట్టుముట్టు ఊర్లు పోయినయ్. గుడి మనకు, గుడి మాన్యం వాళ్లకు. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, ఈ ఐదు పంచాయతీలనన్నా తిరిగి ఇయ్యాలని అప్పటి నుంచి అడుగుతనే ఉన్నం. ఆ మాన్యం మీద ఆక్రమణల లొల్లి నడుస్తనే ఉన్నది. స్వామి పూల తోట పెట్టుకోవలసిన మట్టి కోర్టు కాగితాలల్ల ఇరుక్కున్నది. ఇది ఢిల్లీ తీర్చాలె, ఇద్దరు ముఖ్యమంత్రులు కూసోని తీర్చాలె. అది తీరేదాకా దుమ్ముగూడెం, చర్ల, బూర్గంపాడు రైతు చెల్కల పూవు పూయడానికి ఎవని పర్మిషన్ అక్కర లేదు.

కొనుగోలు చూపించుడు సర్కారుకు చాతగాని పని కాదు. 2017ల బతుకమ్మ చీరల పథకం పెట్టిండ్రు. మొదటి ఏడు సూరత్ చీరలు కలిపి పంచితే ఆడబిడ్డలు నడి బజార్ల కాలబెట్టి బుద్ధి చెప్పిండ్రు. ఆ తర్వాత ఆర్డరంతా సిరిసిల్ల మగ్గాలకు ఇచ్చిండ్రు. కోటి చీరల ఆర్డరు పోంగనే సిరిసిల్లల పని దొరికింది, నేత కార్మికునికి కొంతన్నా ఊపిరాడింది. పేరు మారినా, పార్టీ మారినా, సర్కారు కొనుగోలుతోని చేతి పని బతుకుతదని ఆ పథకం నిరూపించింది. బతుకమ్మ చీరకు కొనుగోలున్నప్పుడు బతుకమ్మ పూవుకు ఎందుకుండదు? 2014ల బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసుకున్నం, తంగేడును రాష్ట్ర పుష్పం చేసుకున్నం. 2011ల సకల జనుల సమ్మె నడుమ బతుకమ్మ వస్తే ఆఫీసులు బందువెట్టి రోడ్ల మీద ఆడినం. ఇయ్యాల సర్కారు ఖర్చు మీద జరిగే బతుకమ్మ సంబురాలకు కొనే పూలు ఏ రాష్ట్రపు పూలో లెక్క ఎవరన్న చెప్తరా?

ఇప్పపూవు నేరం

అడవంచు ఆదివాసీకి పూల సాగు కొత్తగ నేర్పుతమనే పెద్దలు ఒక్క మాట మర్చిపోతున్నరు. ఆ ఇంట్ల పూవు ఎప్పటి నుంచో ఉన్నది. ఇప్పపూవు. మార్చి, ఏప్రిల్ నెలలల్ల తెల్లారకముందే చెట్టు కింద రాలుతది. ఇంటిల్లిపాది పొద్దు పొడవకముందే గంపలు పట్టుకొని పోయి ఏరుతరు, ఎండబెడతరు. కోయ పండుగలల్ల ఇప్పపూవుకు ఒక పండుగే ఉన్నది. తీపి పూవు, కడుపు నింపే పూవు, కరువు కాలంల అన్నమైన పూవు. దీనికి సర్కారు ఏం చేసింది? సారా పేరు చెప్పి నేరస్తుణ్ని చేసింది. బ్రాందీ షాపుకు లైసెన్సు, ఇప్ప గంపకు ఎక్సైజ్ కేసు.

ఇటు కొనుగోలు సంగతి. 1956ల గిరిజన సహకార సంస్థ పెట్టిండ్రు. 1979 రెగ్యులేషన్‌తోని ఏజెన్సీల అడవి సరుకు కొనే గుత్త హక్కు దానికే ఇచ్చిండ్రు. ఉద్దేశం మంచిదే, షావుకారు దోపిడీ ఆపుదామని. కానీ డిపోల పైసలు ఆలస్యం, తూకం ఆలస్యం. చేతిల ఉప్పుకు, నూనెకు పైసలు లేని ఆదివాసీ సంతల షావుకారుకే పోస్తడు. ఎండకాలం అగ్గువకు అమ్మిన పూవునే వానకాలం పిరానికి కొనుక్కునే గతి. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద ఆదివాసీదే యాజమాన్యం అన్నది. యాజమాన్యం కాగితం మీదనే ఉన్నది, తక్కెడ ఇంకొకని చేతిల ఉన్నది.

పక్క రాష్ట్రాలను చూడుండ్రి. 2021ల ఛత్తీస్‌గఢ్ కోర్బా అడవుల ఎండు ఇప్పపూవు ఓడెక్కి ఫ్రాన్స్ పోయింది. మధ్యప్రదేశ్ సర్కారు 2022ల ఇప్పసారాను వారసత్వ మద్యంగ ప్రకటించి ఆదివాసీ సంఘాలకే తయారీ ఇచ్చింది. సారా సంగతి పక్కన పెట్టుండ్రి, దాని మీద ఊరోళ్లు, ఆడోళ్లు వాళ్లే తేల్చుకుంటరు. మన ఉట్నూరుల ఆదివాసీ ఆడబిడ్డలు ఇప్పపూల లడ్డూలు చేసి అమ్ముతున్నరు, ప్రధాని కూడా 2025 మార్చిల రేడియోల ఆదిలాబాద్ ఇప్పపూల గురించి చెప్పిండు. మెచ్చుకోలు మంచిదే. చెట్టు కింద వల కట్టి మట్టి అంటకుండ పూవు ఏరితే ధర ఎక్కువొస్తదని, ఆకు చెత్త కాలబెట్టే పనుండదు గాబట్టి అడవికి అగ్గి అంటదని అందరికీ తెలుసు. మరి భద్రాచలం ఐటీడీఏ ఊరూరికి వలలు ఇయ్యడానికి ఏ ప్రధాని చెప్పాలె?

ఇగ భూమి. పూల లాభం మాట ఊరంతా పాకంగనే ఎవరు దిగుతరో మాకు తెలుసు. గోదారి ఒడ్డు భూముల మీద మిర్చికి కౌలు పట్టినోళ్లే పూలకు పడతరు. 1959 చట్టాన్ని సవరించిన 1/70 ఏజెన్సీల గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదన్నది. ఆ చట్టం ఉండంగనే ఆదివాసీ తన చెల్కల తనే కైకిలి చేస్తున్నడు. పూల పేరు మీద ఆ కథే మళ్లీ నడిస్తే మేము మొదట కొట్లాడేది ఆ పూల మీదనే. అందుకే మా మాట అర ఎకరం. జొన్న చేను, వరి మడి ముట్టొద్దు. పత్తి, మిర్చి వేసే చెల్కలనే అర ఎకరం, ఇంటోళ్ల చేతులతోని అయ్యేటంత. తిండి పంట తీసి పూలు పెట్టమనేటోడు ఆదివాసీ మిత్రుడు కాడు. ఇంకో మాట కూడా. పూలు కోసేది, దండ గుచ్చేది ఇంటి ఆడబిడ్డ. పైసలు ఆమె ఖాతాల పడాలె.

2023 జూన్‌ల పోడు పట్టాలు పంచిండ్రు. రాష్ట్రంల నాలుగు లక్షల ఎకరాల పైన ఇస్తే అందుల పెద్ద వాటా మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాదే. మంచి పని, కొట్లాడి సాధించుకున్న పని. కానీ అటవీ హక్కు పట్టా అమ్మడానికి లేదు, కుదువ పెట్టడానికి లేదు. అది ఆదివాసీ భూమికి కాపలా, ఉండాల్సిందే. బ్యాంకు మాత్రం అదే సాకు చెప్పి అప్పియ్యదు. 2025 మేల అమ్రాబాద్ దగ్గర మాచారంల ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టిండ్రు. ఐదేండ్లల్ల ఆరు లక్షల ఎకరాల పోడు భూమికి సోలార్ పంపులతోని నీళ్లిస్తమన్నరు. 12,600 కోట్లన్నరు. నీళ్లొస్తే ఆ ఎకరాలల్ల ఏం పెట్టాలో కూడా హైదరాబాదుల కూసున్నోళ్లే చెప్తున్నరు, తోటలని, వెదురని. ఆ జాబితల బంతి, మల్లె, కనకాంబరం ఎందుకు చేర్చరు? రైతు చెట్టు పెట్టి నాలుగేండ్లు ఎదురుచూసే నడుమ ఇల్లు గడిచేది సాళ్ల నడుమ వేసిన పూవుతోనే కదా.

మేము అడిగేది పెద్ద ప్రాజెక్టు కాదు. కాంట్రాక్టర్లకు కమీషన్లు దొరికేది కాదు, అందుకే ఎవరికీ పట్టలేదేమో. దేవస్థానం పూల కొనుగోలుల సగం ఏజెన్సీ మహిళా సంఘాలకు టెండరు లేకుండ ఇయ్యాలె. నెలవారీ ధర ముందే కట్టాలె. వారం తిరక్కముందే పైసలు ఖాతాల వెయ్యాలె. సారపాకల, భద్రాచలంల పూల కాంటా పెట్టాలె. మిగిలిన పూవును భద్రాచలం రోడ్ స్టేషన్ల రాత్రి రైలుకెక్కించి తెల్లారేసరికి సికింద్రాబాదుల దించే ఏర్పాటు చెయ్యాలె. అది నలభై కిలోమీటర్ల దూరంల ఉన్న స్టేషను, చంద్రమండలం కాదు. నారును సర్కారు నర్సరీలల్ల పెంచి ఉచితంగ ఇయ్యాలె. వాడిన పూలతోని అగరుబత్తీలు చేసే పని కూడా ఆ సంఘాలకే అప్పజెప్పాలె.

బతుకమ్మకు పూవు కావాలంటే జూన్ ఆఖరుకు నారు పడాలె. నారుమడికి విత్తనం మే నెలల రావాలె. అంటే వచ్చే ఐటీడీఏ పాలకమండలి సమావేశంలనే తీర్మానం కావాలె. ఎమ్మెల్యేలు, ఎంపీ, కలెక్టరు, ప్రాజెక్టు అధికారి అందరూ ఒక్క బల్ల దగ్గర కూసునే సమావేశం అది. ఆ రోజు ఐటీడీఏ గేటు ముంగట ఉండాలని ఉద్యోగ సంఘాలను, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం కాలేజీల విద్యార్థులను కోరుతున్నం. 1969ల పాల్వంచ థర్మల్ స్టేషన్ ఉద్యోగాల కోసం లేచిన గొంతు ఇక్కడిదే. చేతిల ప్లకార్డుతోపాటు ఎవరి ఇంటి ముంగట పూసిన బంతి పూలు వాళ్లు తెచ్చుకోండి, తీర్మానం చదివేదాకా అక్కడనే బతుకమ్మ పేర్చుదాం.